రెండు ముద్దలే తినే అమ్మకు ఆ రెండు ముద్దల్లోనే బలం

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. అమ్మగారికి 74 ఏళ్లు. నాన్నగారు పోయి ఏడాది దాటింది. రాజమండ్రి దగ్గర సొంత ఊళ్లో ఒక్కరే ఉంటున్నారు, పనికి ఒకావిడ వచ్చి వెళుతుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటారు. ఆరు నెలల్లో 52 కిలోల నుంచి 46 కిలోలకు వచ్చారు. తిండి సయించడం లేదంటారు, మధ్యాహ్నం రెండు ముద్దలు చారన్నం, రాత్రి కాస్త మజ్జిగన్నం, అంతే. ఊళ్లో సెలైన్ ఎక్కించి, ఆకలికి సిరప్ రాసిచ్చారు. మీరు పంపిన హెల్త్ డ్రింక్ డబ్బా మూత కూడా తీయలేదు. "ఎలాగైనా ఎక్కువ తినిపించే దారి చెప్పండి" అని అడిగారు.

నేను ఆస్పత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది మొదట అడిగేది ఇదే. నా జవాబు కూడా ప్రతిసారీ ఒకటే: ఎక్కువ తినిపించే ప్రయత్నం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆకలి లేని మనిషికి కంచం నిండా అన్నం చూస్తేనే కడుపు నిండిపోతుంది. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని బతిమాలే కొద్దీ భోజనం వేళంటేనే భయం పట్టుకుంటుంది. ఆవిడ తినే ఆ రెండు ముద్దల్ని రెండు ముద్దలుగానే ఉంచండి, ఆ ముద్దలో ఏముందో అది మార్చండి. దాని గురించి వివరంగా చెబుతాను. అంతకంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది.

52 నుంచి 46 అంటే శరీర బరువులో పదకొండు శాతం పైన పోయింది. కావాలని తగ్గకుండా ఆరు నెలల్లో పది శాతం తగ్గితే దాన్ని వయసు మీద వేసి ఊరుకోకూడదు. కారణం వెతకాలి. ఈ వారంలోనే రాజమండ్రిలో ఫిజీషియన్‌కి చూపించండి. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం ఏమైనా వాడుతుంటే అదీ, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. రక్తహీనత, థైరాయిడ్, కిడ్నీ, లివర్, షుగర్ మూడు నెలల సగటు, విటమిన్ బి12, ఛాతీ ఎక్స్‌రే వరకు చూడమని అడగడం తప్పేమీ కాదు. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం ఉంటే క్షయ ఉందేమో తేల్చే గళ్ల (కఫం) పరీక్ష తప్పనిసరి, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా చేస్తారు. క్షయ మన దగ్గర పెద్దవాళ్లలో చాలాసార్లు "నీరసం, అరుచి" రూపంలోనే బయటపడుతుంది.

మందుల సంగతి మరీ ముఖ్యం. మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలి చంపేస్తుంది, నోట్లో ఇనుప రుచి తెస్తుంది, కడుపు ఉబ్బరిస్తుంది. ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది, బి12 తగ్గితే నాలుక మంట, అరుచి మొదలవుతాయి. గ్లిమిపిరైడ్ విషయం ఇంకా తొందరగా చూడాలి. అది తిన్నా తినకపోయినా షుగర్ తగ్గిస్తూనే ఉంటుంది. 52 కిలోల మనిషి మూడు పూటలా తింటున్నప్పుడు రాసిన డోసు, 46 కిలోల మనిషి రెండు ముద్దలు తింటున్నప్పుడు ప్రమాదం కావచ్చు. ఉన్నట్టుండి చెమటలు పట్టడం, చేతులు వణకడం, తికమకగా మాట్లాడటం, తెల్లవారుజామున లేవలేకపోవడం కనిపిస్తే వెంటనే షుగర్ చూడాలి. మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. కానీ డోసు తగ్గించాలా అని డాక్టరుని ఇవాళే ఫోన్ చేసి అడగండి, అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

నోరు తెరిపించి చూశారా? చాలామంది చూడరు. బరువు తగ్గితే చిగుళ్లు కుంచించుకుపోయి కట్టుడు పళ్లు వదులవుతాయి, నమిలితే ఒరుసుకుంటాయి. ఆవిడ "నొప్పి" అనరు, "వద్దు" అంటారు. నాలుక మీద తెల్లటి పొర ఉంటే ఫంగస్ కావచ్చు, వారం పది రోజుల మందుతో పోతుంది. మలబద్ధకం ఉన్నా ఆకలి వేయదు. ఈ మూడూ చిన్నవిగా కనిపిస్తాయి గానీ, వీటిని సరిచేయగానే తినడం మొదలుపెట్టిన పెద్దవాళ్లు ఎంతోమంది.

ఇక సెలైన్. దీని మీద ఉన్న నమ్మకం వల్ల మన ఊళ్లలో పెద్దవాళ్లకు చాలా నష్టం జరుగుతోంది కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను. 500 మిల్లీలీటర్ల మామూలు సెలైన్ సీసాలో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. క్యాలరీలు సున్నా. 5 శాతం గ్లూకోజ్ సీసా అయితే అందులో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, అంటే దాదాపు 85 క్యాలరీలు. ఒక అరటిపండు ఇచ్చే శక్తి అంత. ప్రొటీన్ చుక్క కూడా ఉండదు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడు సెలైన్ ప్రాణం కాపాడుతుంది. బలానికి మాత్రం అది మందు కాదు. పైగా గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు ఊరికే ఎక్కిస్తే ఆయాసం వస్తుంది.

ఆకలి సిరప్ సీసా మీద సైప్రోహెప్టడీన్ అని ఉందేమో చూడండి. మన మెడికల్ షాపుల్లో ఆకలికి ఇచ్చేది ఎక్కువగా అదే. అసలు అది అలర్జీ మందు. పెద్దవాళ్లలో మగత, నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, తికమక తెస్తుంది. రాత్రి బాత్రూముకి లేచి తూలి పడతారు. 74 ఏళ్ల మనిషికి వాడకపోవడమే మంచిదని వృద్ధుల వైద్యులు చెప్పే మందుల్లో ఇదొకటి. ఆపాలా వద్దా అని ఫిజీషియన్‌ని అడగండి.

ఇప్పుడు వంటింటికి వద్దాం.

46 కిలోల మనిషికి రోజుకు సుమారు 1400 క్యాలరీలు, కనీసం 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. మామూలు ఆరోగ్యవంతులకు భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క కిలోకి 0.83 గ్రాములు. వయసు మళ్లి కండ కరుగుతున్నవాళ్లకు కిలోకి ఒక గ్రామైనా ఉండాలని, జబ్బుపడి ఉంటే 1.2 దాకా వెళ్లాలని వృద్ధుల పోషణ చూసేవాళ్లం పెట్టుకునే లెక్క. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ ఉందని తేలితే మాత్రం ఈ లెక్క మారుతుంది, అప్పుడు డాక్టరు చెప్పిందే ప్రమాణం.

ఆవిడ తినే చారన్నం చూడండి. చిన్న కప్పు అన్నం, అంటే వండిన బరువు 100 గ్రాములు, సుమారు 125 క్యాలరీలు, రెండున్నర గ్రాముల ప్రొటీన్. చారు వల్ల వచ్చేది రుచీ, నీళ్లూ. అదే అన్నంలో 30 గ్రాముల కందిపప్పుతో గట్టిగా వండిన ముద్దపప్పు, రెండు టీ స్పూన్ల నెయ్యి వేసి మెత్తగా కలిపితే 300 క్యాలరీలు దాటుతుంది, ప్రొటీన్ తొమ్మిది గ్రాముల దగ్గరికి వస్తుంది. కంచంలో కనిపించే పరిమాణం పెద్దగా పెరగదు. చారు మానిపించనక్కర్లేదు, నోటికి హితవుగా ఉండేది అదే కదా. కాకపోతే మొదట పప్పన్నం రెండు ముద్దలు, ఆ తర్వాత ఓపిక ఉంటే చారు. మొదటే చారు పోస్తే పొట్ట నీళ్లతో నిండిపోతుంది. మంచినీళ్లు కూడా భోజనానికి ముందు గ్లాసుడు తాగించకండి. గంట ముందో, గంట తర్వాతో తాగనివ్వండి.

పాల దగ్గర చాలా సులువైన పని ఒకటుంది. అర లీటరు పాలు కాచి గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి, దాదాపు 30 గ్రాములు, కలిపి పెట్టమనండి. పది గ్రాముల ప్రొటీన్ అదనంగా చేరిపోతుంది, రుచిలో తేడా తెలియదు. రోజంతా కాఫీకి, జావకి, తోడుకి అవే పాలు. ఆ పాలు తోడేస్తే పెరుగు గడ్డలా తోడుకుంటుంది. మజ్జిగన్నం బదులు ఆ పెరుగుతో మెత్తటి దద్దోజనం, పైన ఇంగువ పోపు పెడితే రాత్రి భోజనం అదే సరిపోతుంది. పాలపొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. డెయిరీ వైట్‌నర్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి చక్కెర కలిసి ఉంటుంది, అది కాదు మనకు కావలసింది.

రాగి జావ "బలం" అని అందరూ ఇస్తారు. ఎలా కాస్తున్నారో ఒకసారి పనావిడ పక్కన నిలబడి చూడండి. రెండు చెంచాల పిండి నీళ్లలో కాచి ఉప్పు వేసి ఇస్తే గ్లాసు మొత్తానికి 65 క్యాలరీలు, ప్రొటీన్ గ్రామున్నర కూడా లేదు. అదే రెండు చెంచాల పిండిని కాసిని నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి ఉడికించి, దించే ముందు 150 మిల్లీలీటర్ల పాలు, ఒక పెద్ద చెంచా వేయించిన పల్లీల పొడి, చిన్న బెల్లం ముక్క, టీ స్పూను నెయ్యి వేస్తే 280 క్యాలరీలు, ఎనిమిది గ్రాముల ప్రొటీన్ అవుతుంది. పైన చెప్పిన చిక్కటి పాలైతే ఇంకా ఎక్కువ. ఒక్కసారే గ్లాసుడు ఇవ్వకండి. పదిన్నరకి సగం, నాలుగింటికి సగం. షుగర్ ఉంది కాబట్టి బెల్లం మానేసి యాలకుల పొడి వేసినా బాగుంటుంది, క్యాలరీలు 35 మాత్రమే తగ్గుతాయి.

ఇంకొకటి, పొడి డబ్బా. పల్లీలు 100 గ్రాములు, పుట్నాల పప్పు 100 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు దోరగా వేయించి, చల్లారాక పొడి కొట్టించండి. సగంలో ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి కారప్పొడి చేయండి, సగం ఉత్తదే ఉంచండి. ఒక పెద్ద చెంచాకి 45 క్యాలరీలు, రెండు గ్రాముల పైన ప్రొటీన్. కారప్పొడి ఇడ్లీకి, అన్నానికి నెయ్యితో. ఉత్త పొడి జావలో, పాయసంలో, వంకాయ, బీరకాయ కూరల్లో దించే ముందు. కొంచెం కొంచెంగా చేయించి ఫ్రిజ్‌లో పెట్టించండి. పల్లీల్లో నల్లబడ్డవి, ముడతలు పడ్డవి, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయాలి, ఆ బూజు విషం లివర్‌కి చేటు.

గుడ్డు, చేప తింటారని రాశారు, అది చాలా నయం. ఒక గుడ్డు ఆరు గ్రాముల ప్రొటీన్. ఉడకబెట్టింది గొంతుకు అడ్డం పడుతోందంటే పొరటులా చేసి అన్నంలో కలపండి, లేదా అట్టు పిండిలో కొట్టి పోయండి. ముల్లు లేని చేప ముక్కని పులుసులోంచి తీసి చిదిపి అన్నంలో కలిపితే నమిలే పనే ఉండదు. మాంసం నమలలేకపోతే కీమా. పెసరట్టు, కట్టె పొంగలి, సున్నుండ, ఇవన్నీ మన అమ్మమ్మలు బాలింతకు, ఎదిగే పిల్లకు పెట్టిన తిళ్లు. చిన్న ముద్దలో ఎక్కువ బలం పెట్టడం మన వంటకు కొత్త విద్యేమీ కాదు. చిన్న సున్నుండ ఒకటి 150 క్యాలరీలకు దగ్గరగా ఉంటుంది. షుగర్ ఉన్న మనిషికి సున్నుండా అంటారేమో. బరువు ఇంతలా పడిపోతున్నప్పుడు 74 ఏళ్ల వయసులో షుగర్ అదుపుని కొంత సడలించి తిండిని కాపాడటం చాలామంది డాక్టర్లు ఒప్పుకునే పద్ధతి. ఆ నిర్ణయం మీ డాక్టరుది. అడగకుండా "షుగర్ కదా" అని అన్నీ ఆపేయడం మాత్రం వద్దు.

పథ్యం గురించి కూడా చెప్పాలి. జ్వరం వచ్చి తగ్గాక పప్పు వాతమని, పెరుగు జలుబని, గుడ్డు వేడని ఒక్కొక్కటీ ఆపేసి చివరికి బ్రెడ్డు, కొబ్బరినీళ్లు, పల్చటి జావ మిగులుస్తారు. ఆ రెండు రోజుల పథ్యం నెలలపాటు సాగుతుంది. ఎవరు ఏది వద్దన్నారో అమ్మగారిని అడిగి రాసుకోండి. డాక్టరు చెప్పని పథ్యాలన్నీ ఎత్తేయించండి. బీపీకి ఉప్పు తగ్గించమని ఉంటే తగ్గించండి గానీ చప్పిడి చేయకండి, నిమ్మరసం, అల్లం, మిరియం, కొత్తిమీర, కరివేపాకు ఎక్కువ వేయించండి. వయసుతో రుచి, వాసన మందగిస్తాయి, ఆ నోటికి చప్పటి కూర మట్టిలా ఉంటుంది.

పెద్దవాళ్లలో చాలామందికి పొద్దున ఆకలి బాగుంటుంది, పొద్దుపోయే కొద్దీ పడిపోతుంది. అందుకని బరువైన తిండి ఉదయానికి మార్చండి. ఏడింటికి ఆ చిక్కటి పాల కాఫీ, ఎనిమిదిన్నరకి నెయ్యి, కారప్పొడి దట్టించిన రెండు ఇడ్లీలు లేదా గుడ్డు అట్టు, అక్కడికే సగం రోజు గెలిచినట్టు. రెండు మూడు గంటలకోసారి కొంచెం, చిన్న గిన్నెలో. పెద్ద కంచం తీసేయండి.

ఇక అసలు బాధ. "ఒక్కదాని కోసం ఏం వండుకుంటాను" అన్నారని రాశారు. ఆకలి పోవడానికి నాన్నగారు లేకపోవడం కూడా కారణమే అని నాకు అనిపిస్తోంది. ఏడాది దాటినా నిద్ర లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామున ఏడుపు ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, మందులతో, మాటలతో నయమవుతుంది, ఆకలీ తిరిగి వస్తుంది. డాక్టరుతో ఈ మాట మీరే ఎత్తండి, ఆవిడ ఎత్తరు. శనివారం ఒంటిపూట, ఏకాదశి, కార్తీక మాసం, ఇలా ఉపవాసాలు ఎన్ని చేస్తున్నారో కూడా లెక్క చూడండి. మానేయమని వాదించకండి, అది ఆవిడ నమ్మకం. రాత్రి ఫలహారంగా పాలలో నానిన అటుకులు, అరటిపండు, ఉడికించిన పల్లీలు, పాలతో సగ్గుబియ్యం పాయసం పెట్టించండి. అయితే గ్లిమిపిరైడ్ వేసుకుని పస్తుండటం మాత్రం కుదరదు, ఈ ఒక్క సంగతి డాక్టరు చేత చెప్పించండి, వాళ్ల మాట వింటారు.

ఫోన్లో "తిన్నావా?" అని అడిగితే "ఆ, తిన్నా" అనే వస్తుంది. "ఇవాళ కూరేం చేయించావు? పప్పులో ఏం వేశారు?" అని అడగండి. వీలైతే మధ్యాహ్నం మీ భోజనం వేళకి వీడియో కాల్ పెట్టి ఇద్దరూ కలిసి తినండి. పనావిడ జీతానికి కొంచెం కలిపి, అమ్మగారితో పాటు ఆవిడనీ అక్కడే తినమనండి. ఎదురుగా మనిషి ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

కొన్ని జాగ్రత్తలు. తినేటప్పుడు దగ్గు, పొలమారడం, తిన్నాక గొంతు గరగరలాడటం ఉంటే పడుకోబెట్టి, పోసి తినిపించకండి. అన్నం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది, మింగడం పరీక్ష చేయించాలి. ఎప్పుడైనా నిటారుగా కూర్చోబెట్టే తినిపించాలి, తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి. ఎవరైనా అయిదారు రోజులుగా దాదాపు ఏమీ తినకుండా ఉంటే ఒక్కసారిగా బాగా పెట్టేయడం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె మీదకు వస్తుంది, అలాంటివాళ్లకు ఆస్పత్రిలో కొద్దికొద్దిగా పెంచాలి. అమ్మగారు ఇప్పుడు ఆ స్థితిలో లేరు, కానీ మధ్యలో జబ్బుపడి తిండి పూర్తిగా ఆగిపోతే ఇది గుర్తుంచుకోండి.

మీరు పంపిన డబ్బా వృథా కాదు. నీళ్లలో గ్లాసుడు కలిపి ఇస్తే తాగరు. ఒక చెంచా కాఫీలోనో, జావలోనో కలిపేయమనండి. కొత్తది కొనేముందు 100 గ్రాములకు ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత అని చూడండి. చాలా డబ్బాల్లో చక్కెరదే పెద్ద వాటా, ఆ డబ్బుకి గుడ్లు, పాలపొడి, పల్లీలు నెలకు సరిపడా వస్తాయి.

తిన్నది కండగా మారాలంటే ఒంటికి పని ఉండాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం, కూర్చోవడం, పూటకు అయిదారుసార్లు, పక్కన ఎవరైనా ఉండగా. సాయంత్రం వీధి చివరిదాకా నడక. మంచంమీదే ఉంటే తిన్న ప్రొటీన్ కండకు పట్టదు.

బరువు ప్రతి ఆదివారం పొద్దున, కాఫీకి ముందు, ఒకే మిషను మీద చూసి రాయించండి. గాజులు మోచేతి వైపు జారుతున్నాయా, జాకెట్లు వదులయ్యాయా అన్నదీ చూడండి. టేపుతో పిక్క చుట్టుకొలత కొలవండి, 31 సెంటీమీటర్లకు తక్కువ ఉంటే కండ బాగా తగ్గిందని అర్థం. మొదటి రెండు మూడు వారాలు బరువు పెరగకపోవచ్చు, తగ్గడం ఆగితే అదే మంచి సూచన. ఆ తర్వాత నెలకు అర కిలో, కిలో చాలు. ఇవన్నీ చేస్తున్నా నెల తిరిగేసరికి ఇంకా తగ్గుతుంటే, మొదటి పరీక్షలన్నీ బాగున్నాయని వచ్చినా సరే, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లి కడుపు స్కాన్, ఎండోస్కోపీ గురించి అడగండి. రిపోర్టులు వచ్చాక క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు ఎంతో ఇక్కడ రాయండి, వాటిని బట్టి పప్పు, పాలు, గుడ్డు కొలతలు సరిచేసి చెబుతాను.